పట్టులో మొదటి సగం

మా పెద్దావిడ చెయ్యి పట్టుకుందంటే ఇక వదిలేది కాదు. మా పెద్దావిడ అంటే నాకు అత్తా కాదు, అమ్మా కాదు. మస్కట్‌లో అజైబా అనే పేటలో నేను పనిచేసే ఇంటి యజమానురాలి తల్లి. ఇక్కడ ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళం ఇంటి పెద్దావిడను "మామా" అని పిలుస్తాం. మా కడపలో ఆ మాట వింటే మీసాలున్న మనిషి గుర్తొస్తాడు కాబట్టి వచ్చిన కొత్తలో అలా పిలవడానికి నాకు నవ్వు ఆగేది కాదు. తర్వాత అలవాటైపోయింది.

ఆమెది సమాయిల్ అనే ఊరు. ఖర్జూరం తోటలో పుట్టి, ఖర్జూరం తోటలో పెళ్ళాడి, గంపలు మోసి, చాపలు అల్లి, పిల్లల్ని పెంచిన మనిషి. మతిమరుపు జబ్బు వచ్చాక పేర్లు పోయాయి, పూటలు పోయాయి, తానున్నది ఎవరిల్లో కూడా తెలియకుండా పోయింది. ఆ వేళ్ళలో బలం మాత్రం పోలేదు. స్నానం చేయించేటప్పుడో, అన్నం తినిపించేటప్పుడో ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకునేది. "బింతీ, బింతీ" అనేది. అరబ్బీలో నా కూతురా అని అర్థం. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి మామా, వదులు తల్లీ అని నేను తెలుగులోనే మొత్తుకుంటూ గుంజుకునేదాన్ని. నేను గుంజేకొద్దీ ఆమె బిగించేది.

ఒకరోజు అలా గుంజుకోవడంలో నా గాజులు పగిలాయి. ఎర్రవీ ఆకుపచ్చవీ కలిపి చేతినిండా వేసుకునే అలవాటు నాది. గాజు ముక్క ఆమె అరచేతిలో గుచ్చుకుంది. రక్తం పలచబడే మందులు వాడే మనిషి కావడంతో ఎంతకీ ఆగలేదు. ముంజేతి మీద నా వేళ్ళు తగిలిన చోటల్లా వంకాయ రంగులో కమిలిపోయింది. నేను గుడ్డ చుట్టి ఏడుస్తూ కూర్చుంటే, ఆమే నా తల నిమిరి ఏదో ఓదార్పు మాట చెప్పింది.

మేడం, అంటే ఆమె కూతురు, ఆఫీసు నుంచి వచ్చి చూసి బిత్తరపోయింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పట్టుకోవడం, పెనుగులాడడం తగ్గడానికి మాత్రలు రాసిచ్చాడు. వాటిని వేసినప్పుడు నేను చూశాను. మామా ఎవరినీ పట్టుకోలేదు నిజమే. అసలు కళ్ళే తెరవలేదు. నోరు తెరిచి పడుకునే ఉంది. తినిపించిన అన్నం బుగ్గలోనే ఉండిపోయింది. తోట గురించి, నీళ్ళ కాలువ గురించి రోజంతా సగం అర్థమై సగం అర్థం కాని కబుర్లు చెప్పే మనిషి అలా పడి ఉంటే నేను చూడలేకపోయాను. మేడం కూడా చూడలేకపోయింది. మాత్రలు ఆపేసి ఫ్రిజ్ మీద పెట్టింది. కానీ ఒక మాట గట్టిగా చెప్పింది: ఒంటి మీద ఇంకొక్క మచ్చ కనిపిస్తే మళ్ళీ మొదలుపెట్టక తప్పదు.

ఆ సాయంత్రం వంటింటి వెనక పెరట్లో గిన్నెలు తోముతూ ముక్కు చీదుతుంటే మా డ్రైవరన్న చూశాడు. ఆయన జగిత్యాల దిక్కు మనిషి. చాలా ఏళ్ళు రుసైల్‌లో ఫ్యాక్టరీ పని చేసి, లైసెన్స్ సంపాదించుకుని ఈ ఇంటికి చేరాడు. మంచివాడే గానీ కుంగ్‌ఫూ పిచ్చి. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో సినిమా హాలు వెనక ఒక మాస్టరు దగ్గర నేర్చుకున్నాడట. ఆ మాస్టరు ఎక్కడ నేర్చుకున్నాడని అడిగితే మాత్రం మొహం ముడుచుకుంటాడు. రోజూ పొద్దున కారు తుడిచే ముందు గ్యారేజీ పక్కన కొళాయికి తన బనియన్ కట్టి, దాని చెయ్యి పట్టి మెలితిప్పుతూ ఉంటాడు. ఇంత వయసొచ్చి బనియన్‌తో ఏం కొట్లాట అని నేను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో లెక్కలేదు.

జరిగింది చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"గంతేనా చెల్లె? మణికట్టు పట్టుకుంటె విడిపించుకునుడు ఎంత పని! కుంగ్‌ఫూల దానికి లాక్ ఉన్నది. చైనోళ్ళు చిన్ నా అంటరు. పట్టుకునుడు, అదుపుల పెట్టుడు. చూపిస్త, పట్టు నా చెయ్యి."

పట్టుకున్నాను. ఆయన రెండో చెయ్యి తెచ్చి నా చేతి మీద వేసి కదలకుండా అదిమాడు. నేను పట్టుకున్న చేతినే నా మణికట్టు చుట్టూ పైనుంచి తిప్పి కిందికి నొక్కాడు. ఏమయిందో తెలిసేలోగా మోకాళ్ళు వంగి తోమిన గిన్నెల మీద కూలబడ్డాను. నొప్పి మోచేతి దాకా పాకింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. లేచి నడుం బిగించాను.

"ఇంగోసారి చెయ్ న్నా, చూస్తా."

ఈసారి నా చేతులకు సబ్బు నురగ ఉంది. పైగా ఆయన ఎటు తిప్పుతాడో తెలిసిపోయింది కాబట్టి మోచెయ్యి ఒంటికి అదిమిపెట్టి నిలబడ్డాను. ఆయన అదమబోతే చెయ్యి జారింది. తిప్పబోతే నేను తిరగలేదు. మళ్ళీ పట్టాడు, మళ్ళీ జారింది. ఏళ్ళ తరబడి తడి దుప్పట్లు పిండిన మణికట్లు నావి.

"నువ్వట్ల పట్టుకోవద్దు చెల్లె," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "నేను చెప్పినట్టు పట్టుకోవాలె."

"మీదికొచ్చేవాడు నువ్వు చెప్పినట్టే పట్టుకుంటాడాన్నా?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు.

"పట్టుకోడు," అన్నాడు. "నాకెర్కే. రుసైల్ల ఉన్నప్పుడు బాత్రూం లైన్ కాడ లొల్లయింది. ఒకడు నా అంగీ పట్టిండు. వాని చెయ్యి మీద చెయ్యేసి, ఇగ ఎటు తిప్పాలెనో యాది చేసుకునేటాల్లకు నా చెంప చెళ్ళుమన్నది."

"మరి ఇన్నేండ్లూ ఎందుకన్నా ఈ తిప్పలు?"

"ఏమో చెల్లె. ఒక్కసారన్న అక్కరకు రాకపోతదా అని."

ఆ మాటకు నాకు జాలేసింది. ఎగతాళి చేసినందుకు ఆ పూట రెండు చపాతీలు ఎక్కువ చేసి పెట్టాను. అయితే ఒక సంగతి తేల్చి చెప్పాను. నీ లాక్ పనిచేసినా నాకు పనికిరాదన్నా, మామా ఎముకలు అప్పడాల మాదిరి ఉండాయి, నువ్వు నాకు చేసినట్టు నేను ఆమెకు చేస్తే ఆస్పత్రికి పోతుంది, నేను జైలుకు పోతాను అన్నాను. ఆయన తింటూ తింటూ ఆగిపోయి ఆలోచనలో పడ్డాడు.

మర్నాడు కారు కడగడం సగంలో వదిలేసి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"చెల్లె, లాక్‌ల రెండు సగాలు ఉంటయి. మొదటి సగంల పట్టినోని చెయ్యి మీద మన చెయ్యేసి, గుంజకుంట వానికే దగ్గరికి పోవుడు. రెండో సగంల తిప్పుడు, నొక్కుడు. నొప్పంత రెండోదాంట్లనే ఉంటది. నీకు మొదటి సగం సాలు."

"సగం చేసి ఊరకుంటే ఏమొస్తాదన్నా?"

"గుంజితె పట్టు బిగుస్తది. దగ్గరికి పోతె వదులైతది. అప్పుడు బొటనవేలు దిక్కు నుంచి మెల్లగ తీసుకోవాలె. బలమంత నాలుగు వేళ్ళ దిక్కుంటది. బొటనవేలు కాడ సందు ఉంటది."

చేసి చూశాం. నిజమే, ఆయన ఎంత బలంగా పట్టుకున్నా, నేను గుంజకుండా ఒక అడుగు ముందుకేసి ఆయన బొటనవేలు వైపు నా చెయ్యి పక్కకు తిప్పితే ఇట్టే వచ్చేసింది. నాలుగైదుసార్లు వచ్చాక నాకూ సరదా పుట్టింది. అంతలో ఆయన నా గాజుల వైపు చూసి, ఇవి మాత్రం తీసెయ్యాలె చెల్లె, గాజుల మీద ఏ పట్టు పట్టినా పగులుడే అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "నా మొగుడు గుండ్రాయి మాదిరి బతికుంటే గాజులు తీయమంటావా? నీ కుంగ్‌ఫూ పాడుగాను!" అని వంటింటి తలుపు వేసేశాను. ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. సాయంత్రం మా ఇంటాయనకు ఫోన్ చేసి చాడీలు చెప్పాను. ఆయన ప్రొద్దుటూరులో నాపరాళ్ళ బండి తోలుతాడు. అంతా విని, "నీ గాజులు పట్టుకుని ఏలాడతా బతకడంల్యా గానీ, తీసి పక్కన పెట్టు. ఆ ముసలమ్మకు ఇంగోసారి గుచ్చుకుంటే ఆ పాపం ఎవరిది?" అన్నాడు. అయినా బోడి చేతులతో ఉండలేకపోయాను. ఆస్పత్రిలో గాజులు తీసినప్పుడు మా వైపు చేసినట్టు, తెల్ల దారానికి పసుపు రాసి రెండు చేతులకూ కట్టుకున్నాను. గాజుల్ని చీర మడతలో దాచాను. ఆ మొదటి రోజు ఎన్నిసార్లు చేతులు చూసుకున్నానో నాకే తెలుసు.

తర్వాత రోజూ మధ్యాహ్నం మామా కునుకు తీసేవేళ మాకు క్లాసు. పెరటి తలుపు, వంటింటి తలుపు బార్లా తీసి పెట్టేవాళ్ళం. ఇంటి డ్రైవరూ పనిమనిషీ చేతులు పట్టుకుని కనిపిస్తే ఈ ఊళ్ళో అయినా మా ఊళ్ళో అయినా లోకం ఏమనుకుంటుందో ఇద్దరికీ తెలుసు. అన్న మామా వేషం వేసేవాడు. తువ్వాలు తల మీద కప్పుకుని, కుర్చీలో కూలబడి, సన్న గొంతుతో "బింతీ" అంటూ నా చెయ్యి పట్టేవాడు. బాగానే పట్టేవాడు. మామా గోళ్ళు ఎలా దిగుతాయో కూడా ఒకసారి నా దగ్గరే అడిగి తెలుసుకున్నాడు.

ఒకరోజు మేడం ఆఫీసు నుంచి తొందరగా వచ్చేసింది. ఏ తలుపులు మా మంచికోసం తెరిచి పెట్టామో ఆ తలుపుల్లోంచే చూసింది. కుర్చీలో తల మీద తువ్వాలుతో డ్రైవరు. ఆయన చేతిలో నా మణికట్టు. ఆయన చేతి మీద నా రెండో చెయ్యి. అన్న లేచి నిలబడ్డాడు గానీ భయంలో తువ్వాలు తీయడం మర్చిపోయాడు.

"ట్రైనింగ్, మేడం," అన్నాడు.

ఇద్దరి ఉద్యోగాలూ ఆ క్షణంతో సరి అనుకున్నాను. హిందీ సగం, అరబ్బీ సగం కలిపి గబగబా మొత్తం చెప్పేశాను. మామా, పట్టు, మొదటి సగం, బొటనవేలు అన్నీ. చెప్పి మేడం చెయ్యి నా మణికట్టు మీద పెట్టించి చూపించాను. ఆమె అన్న తల మీది తువ్వాలు వంక చూసి పకపకా నవ్వింది. ఆ ఇంట్లో ఆ నవ్వు విని చాలా రోజులైంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"మా అమ్మ నన్ను ఒకసారి గోళ్ళతో రక్కి, నువ్వెవరు అని అడిగింది," అంది. "అప్పటి నుంచి గుమ్మం దగ్గర నిలబడే చూసి పోతున్నాను. దగ్గరికి పోవాలంటే భయం."

నేను టీ పెట్టాను.

అసలు పరీక్ష స్నానాల గదిలో వచ్చింది. మామా ఒంటికి సబ్బు రాస్తుంటే గభాల్న నా మణికట్టు దొరకబుచ్చుకుంది. ఇన్నాళ్ళ క్లాసులూ ఎగిరిపోయి నేను అలవాటుగా గుంజాను. ఆమె బిగించింది. అప్పుడు అన్న గొంతు చెవిలో పలికింది. ఆగిపోయాను. రెండో చెయ్యి ఆమె చేతి మీద వేశాను. ఆమె కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీకి ఆనుకునేంత దగ్గరికి జరిగాను. పైనుంచి నీళ్ళు ఇద్దరి మీదా పడుతున్నాయి. నా బట్టలు తడిసి ముద్దయ్యాయి. ఆమె వేళ్ళు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. ఇది పనిచేయదు, అన్న మాస్టరు ఎవరో గానీ దొంగ మాస్టరు అనుకున్నాను. అనుకుంటూ అలాగే నిలబడ్డాను. కాసేపటికి ఆ వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. ఆమె నా పసుపు దారం మీద వేలితో రాస్తూ తోట మాటలేవో మొదలుపెట్టింది. బొటనవేలు వైపు నుంచి నా చెయ్యి వచ్చేసింది. ఆ ముంజేతి మీద మచ్చ అన్నది లేదు. అన్నకు చెబితే బకెట్ మీద నుంచి లేచి, చైనా వాళ్ళలా రెండు చేతులూ కలిపి నాకు దండం పెట్టాడు.

అలా కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఒకనాటి ఉదయం బట్టలు మారుస్తుంటే మామా మోచేతి కింద నల్లటి మచ్చ కనిపించింది. పడిపోకుండా మంచానికి బిగించిన ఇనుప కడ్డీ తగిలి ఉంటుంది. నిద్రలో అటు దొర్లే అలవాటుంది ఆమెకు. నేను దాచలేదు. సెలవు రోజు కావడంతో ఇంట్లోనే ఉన్న మేడంను పిలిచి చూపించాను. కడ్డీ కూడా చూపించాను. మేడం కడ్డీని చూసింది, మచ్చను చూసింది, నన్ను చూసింది. వెళ్ళి ఫ్రిజ్ మీది మాత్రలూ గ్లాసుతో నీళ్ళూ తెచ్చింది. ఆమె నన్ను అనుమానించిందో, అలసిపోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. మామా మాత్రం పొద్దున్నే హుషారుగా ఉంది. దిండు గలీబు అంచు పట్టుకుని చాప అల్లుతున్నట్టు వేళ్ళు ఆడిస్తోంది. ఒక్క మాత్ర వేస్తే ఆ వేళ్ళు ఆగిపోతాయి.

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఏ ధైర్యంతో నిలబడ్డానో దేవుడికే తెలియాలి. వీసా వాళ్ళ చేతిలో ఉంది, జీతం వాళ్ళ చేతిలో ఉంది.

"మాత్ర వేద్దురు గానీ మేడం," అన్నాను, "ముందు ఒక్కసారి మీరు దగ్గర కూర్చోండి. మీకూ చూపించాను కదా."

మేడం నన్ను కొడుతుందేమో అనిపించేంత కోపంగా చూసింది. తర్వాత మంచం అంచున, ఎప్పుడైనా లేచి పోవడానికి వీలుగా, కొసన కూర్చుంది. మాత్ర ఇవ్వబోతూ చెయ్యి చాపింది. మామా ఆ మణికట్టు పట్టేసుకుంది. మాత్ర నేల మీద పడింది. మేడం కెవ్వుమని చెయ్యి వెనక్కి లాగింది. మామా బిగించింది.

"గుంజాకండి!" అని తెలుగులోనే అరిచాను. తర్వాత గుర్తొచ్చి, "శ్వయ్య శ్వయ్య" అన్నాను, మెల్లగా, మెల్లగా అని. "రెండో చెయ్యి పైన వేయండి. దగ్గరికి జరగండి. ఇంకా. ఇంకొంచెం."

మేడం రెండో చేతిని తల్లి చేతి మీద వేసింది. కొస నుంచి మధ్యకు జరిగింది. అక్కడ నుంచి తల్లి భుజానికి తన భుజం తగిలే దాకా జరిగింది. మామా ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. చూసి ఒక పేరు పెట్టి పిలిచింది. అది మేడం పేరు కాదు. ఆ ఇంట్లో ఆ పేరు నేను ఎప్పుడూ వినలేదు. చిన్నప్పుడు పిలిచిన ముద్దుపేరని మేడం ఏడవడం చూస్తే అర్థమైంది. మామా ఇన్నాళ్ళూ బింతీ, బింతీ అని నా చెయ్యి పట్టుకుని వెతికింది ఆ పిల్లనేనని కూడా అప్పుడే అర్థమైంది.

కొంతసేపటికి మేడం తల ఎత్తకుండానే, "ఇప్పుడు ఎలా విడిపించుకోవాలి?" అని అడిగింది.

"బొటనవేలు వైపు, మేడం. ఆమె పట్టుకున్న చోటే చిన్న సందు ఉంటుంది."

మేడం అటు చూసింది. తలూపింది. చెయ్యి మాత్రం తీయలేదు.

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు కొంచెం కుళ్ళు పుట్టింది. ఆ చెయ్యి ఇన్నాళ్ళూ నాది. సబ్బు నీళ్ళలో, అన్నం మెతుకుల్లో, ఏడుపుల్లో పట్టుకున్నది నన్నే. కింద పడిన మాత్ర ఏరుకుని బయటికి వచ్చి చెత్తబుట్టలో పడేసి, వంటింట్లోకి వెళ్ళి, ఏ పనీ లేక ఆరిన గుడ్డను తడిపి మళ్ళీ పిండాను.

పెరటి గుమ్మంలో అన్న నిలబడి ఉన్నాడు. లోపలికి రాకూడదు కాబట్టి అక్కడ నుంచే చెవులు రిక్కించి విన్నట్టున్నాడు.

"ఏమాయె చెల్లె? మేడం విడిపించుకున్నదా?"

"లేదన్నా."

ఆయన మొహం వాడిపోయింది. "బొటనవేలు దిక్కు అని సక్కగ చెప్పినవా?"

"చెప్పినా. ఆయమ్మకు అర్థమయింది గూడా."

"మరి పని చెయ్యలేదా?"

అంత పెద్ద మనిషి చిన్నబోయి అడుగుతున్నాడు. పిండిన గుడ్డతోనే మొహం తుడుచుకున్నాను.

"పనిచేసిందన్నా," అన్నాను. "ఇంకా పట్టుకునే ఉండారు."